అధికారులకు ఆత్మోపదేశము

మా ఖమ్మము పట్టణమున 'కోచింగ్' అను మాట నెఱుగని యిల్లు లేదు. ఇంటర్మీడియేటు చదువు బాలబాలికలకు వైద్య, ఇంజనీరింగు ప్రవేశపరీక్షలలో తర్ఫీదు నిచ్చు శాలల కా పేరు స్థిరపడిపోయినది. వైరా రోడ్డు వెంట నడిచినచో గోడలపై ర్యాంకుల అంకెలును పిల్లల ముఖములును తఱచు కన్నుల బడును. కావున, ముక్కోటి యేకాదశికి భద్రాచలము వచ్చిన నా పూర్వశిష్యు డొకడు మా యింట కూర్చుండి, 'సార్, మా కంపెనీవాళ్లు నాకు కోచింగ్ ఇప్పిస్తున్నారు' అని చెప్పగా నాకు నవ్వు వచ్చెను. ముప్పదినాలుగేండ్లవాడు, ఇద్దఱు బిడ్డల తండ్రి, వందమంది పనివారిపై అధికారి. వానికి మరల నే పరీక్ష? వాడు నవ్వలేదు. 'ఇది వేరే కోచింగ్ సార్. మనసుకు సంబంధించింది' అనెను.

వాడు తన సంచిలోనుండి తీసి చూపిన నోటుపుస్తకమును, పిదప నేను తెప్పించి చదివిన రెండుమూడు గ్రంథములును ఈ వ్యాసమునకు కారణములు. ఎగ్జిక్యూటివ్ కోచింగ్ అనగా నేమో తెలియని గృహస్థులకై ముందుగా రెండు మాటలు చెప్పవలసియున్నది. ఒక కంపెనీ తన అధికారికి ఒక శిక్షకుని కుదుర్చును. ఇరువురును కొన్ని నెలలపాటు నియమిత దినములలో గంటసేపు ఏకాంతముగా మాట్లాడుకొందురు. శిక్షకుడు యంత్రముల గూర్చిగాని లెక్కల గూర్చిగాని నేర్పడు. అధికారి తన్నుగూర్చి తాను తెలిసికొనునట్లు ప్రశ్నలు వేయును. వెల చెల్లించునది కంపెనీ. ఇటీవల ఈ విద్య ధ్యానమును, ప్రాణాయామమును, గీతాశ్లోకములను, 'అంతరంగ పరివర్తన' మను మాటను వెంటబెట్టుకొని మన హైదరాబాదు గచ్చిబౌలి మేడలలోనికి వచ్చి, అచ్చటినుండి గోదావరి గట్టు కర్మాగారములదాక ప్రాకినది.

కోచ్ అను మాట చరిత్ర వినోదకరము. హంగరీ దేశమున కోచ్ అను పల్లె కలదు. ఆ యూర చేసిన గుఱ్ఱపుబండ్లు యూరపున ప్రసిద్ధికెక్కగా బండికే ఊరి పేరు వచ్చెను. పందొమ్మిదవ శతాబ్ది పూర్వార్ధమున ఆక్స్‌ఫర్డు విద్యార్థులు, తమ్ము పరీక్ష గట్టెక్కించు ప్రైవేటు పంతులును వేళాకోళముగా ఆ పేర పిలువసాగిరి. బండి మనుష్యుని ఊరు చేర్చినట్లు ఈ పంతులు మందబుద్ధిని పరీక్ష దాటించును గదా! ఆ తరువాతనే పడవపందెములకును, ఆటలకును నేర్పువాడు కోచ్ అయ్యెను. కావున మా ఖమ్మమువారి వాడుక అపభ్రంశము కాదు. అదియే పాత యర్థమునకు దగ్గఱ. అధికారులకు ఆత్మజ్ఞానము బోధించుట యను నర్థమే నిన్నమొన్న పుట్టినది.

అది పుట్టిన చోటు టెన్నిస్ ఆటస్థలము. 1974లో తిమోతి గాల్వే అను అమెరికా దేశపు శిక్షకుడు టెన్నిస్ యొక్క లోపలి యాటను గూర్చి యొక పుస్తకము ప్రకటించెను. ఆటగానిలో ఇద్దఱు గలరు, ఒకడు ఆజ్ఞలిచ్చుచు తిట్టువాడు, రెండవవాడు ఆ యాజ్ఞలు లేకయే ఆడగలవాడు, మొదటివాని నోరు మూయించినచో రెండవవాడు చక్కగా నాడును, అని యాతని సిద్ధాంతము. ఈ గ్రంథమును ఆతడు తన తల్లిదండ్రులతోపాటు హరిద్వారమునుండి బాల్యముననే విదేశములకు వెళ్లిన గురు మహారాజ్ జీకి అంకితమొసగినాడు. గాల్వే యొద్ద నేర్చి ఆ విద్యను ఇంగ్లండునకు గొనిపోయినవారిలో సర్ జాన్ విట్‌మోర్ ఒకడు. ఆయన మొదట మోటారుకార్ల పందెములలో పేరుగాంచిన ధీరుడు. 1992లో ఆయన వ్రాసిన గ్రంథము ఈ వృత్తికి మూలపాఠమువంటిది. లక్ష్యమేమి, ఉన్న స్థితి యేమి, మార్గము లెన్ని, చేయదలచిన దేమి యను నాలుగు మెట్ల ప్రశ్నావళి దానివలననే లోకమంతట వ్యాపించెను. 1995లో థామస్ లెనార్డ్ అనునాతడు ఈ వృత్తివారికి అంతర్జాతీయ సంఘమొకటి స్థాపించెను. ఇట్లు హరిద్వారమునుండి బయలుదేరిన సరకు కొంత, టెన్నిస్ వల దాటి, మోటారు పందెము దాటి, ఇంగ్లీషు ముద్రతో మరల మన యింటికే వచ్చినది. తాతకు దగ్గులు నేర్పుటయని కొందఱు పరిహసింతురు. నేను పరిహసింపను. మన యింటిలో నున్నంతకాలము మన మా సరకును ఎంత శ్రద్ధగా వాడితిమో మనకు తెలియదా?

అయినను గురుకులములో కొంత సంస్కృతము చదివినవాడను గనుక, ఈ గ్రంథములను వ్యాఖ్యానించు మన దేశీయులు గాల్వే చెప్పిన యిద్దఱిని ముండకోపనిషత్తులోని రెండు పక్షులతో పోల్చుట చూచి యూరకుండజాలను. ఉపనిషత్తులో ఒకే చెట్టుపై రెండు పక్షులున్నవి. ఒకటి పండు తినును, రెండవది తినక చూచుచుండును. తినునది తన యసమర్థతకు వగచి, చూచుదాని మహిమను కన్నప్పుడు దానికి శోకము తొలగును. అచ్చట చూచు పక్షి తినుదానికి చక్కగా తినుట నేర్పదు. పండ్ల సంఖ్య పెంచదు. గాల్వే చెప్పిన రెండవవాడో ఆడువాడే. అనగా తిను పక్షియే. వానికి అడ్డు తొలగినచో పండ్లు మఱిన్ని దొఱకును. రెండును మంచి యుపమానములే, కాని ఒకటి మఱొకటి కాదు. టెన్నిస్ నేర్పువాడు తాను ఆటనే నేర్పుచున్నానని చెప్పినంతవఱకు ఆక్షేపణ లేదు. ఆటకు ఉపనిషత్తు సాక్షి సంతకము పెట్టించుటయే తగదు.

గీత గతియు నిట్టిదే. రెండవ యధ్యాయమున యోగమును కర్మలలోని కౌశలముగా జెప్పిన పాదము నేడు విద్యాసంస్థల ముద్రలపైనను, కార్యాలయపు గోడలపైనను కనబడుచున్నది. శిష్యుని నోటుపుస్తకపు మొదటి పుటలో కూడ నది యున్నది. దానిక్రింద 'సామర్థ్యము' అని యర్థము వ్రాసికొన్నాడు. శంకరులు వ్రాసిన భాష్యము వేఱు. కర్మలకు బంధించుట స్వభావము, సమబుద్ధితో చేసినచో అవి యా స్వభావమును విడుచును, అట్లు విడిపించుటయే కౌశలము, అని వారి తాత్పర్యము. పని వేగముగా చేయుటకును దీనికిని సంబంధము లేదు. ఇక ఫలమునందు ఆశ పెట్టుకొనవలదను శ్లోకమును జీతగానికి బోధించునప్పుడు ఒక ప్రశ్న మిగిలిపోవును. వాడు విడిచిన ఫలము ఎవరి యింటికి పోవుచున్నది? అర్జునుని ఎదుట కృష్ణుడు చెప్పినప్పుడు కౌరవుల ఖజానా ఆ యుపదేశమునకు వెల చెల్లింపలేదు.

'ట్రాన్స్‌ఫర్మేషన్' అను మాటనుగూడ కొంచెము పరీక్షింపవలసియున్నది. మన దర్శనకారులు మార్పును రెండు విధములుగా జెప్పిరి. పాలు పెరుగగుట పరిణామము. ఆ పెరుగు మరల పాలు కాజాలదు. త్రాడు పామువలె కనబడుట వివర్తము. అచ్చట వస్తువు మాఱలేదు, చూచువాని భ్రాంతియే. ఈ గ్రంథములలో వర్ణింపబడిన మార్పు నాకు రెండింటిలో నెచ్చటను ఇముడుటలేదు. అది మా యిండ్లలో ఇత్తడిపాత్రకు కళాయి పూయించుటవంటిది. పాత్ర మిలమిల మెఱయును, పులుసు చిలుము పట్టదు, ఏటేట మరల పూయించుకొనవలయును. కళాయి చెడ్డదని యెవరనిరి? కాని కళాయివాడు పాత్ర బంగారమైనదని చెప్పి బంగారపు వెల పుచ్చుకొనరాదు.

ఇట్టి గ్రంథములు మనకు క్రొత్త కాదు. 1859లో శామ్యూల్ స్మైల్స్ వ్రాసిన స్వయంసహాయ గ్రంథమును ఇంగ్లీషు చదివిన మన తాతలు ఎఱుగుదురు. అది లీడ్సు నగరమున సాయంకాలములందు కూడి చదువుకొను పనివారికై యిచ్చిన ఉపన్యాసములనుండి పెరిగినది. మన భాషలో యండమూరి వీరేంద్రనాథ్ గారి 'విజయానికి ఐదు మెట్లు' ఎంద ఱింటర్మీడియేటు పిల్లల దిండ్లక్రింద నుండెనో పుస్తకవిక్రేత లెఱుగుదురు. ఆయన చార్టర్డ్ అకౌంటెంటు. వాక్యమును లెక్కవలె తేల్చివ్రాయుట ఆయనకు తెలియును. వీనిలో ఎన్ని లోపములున్నను చదువరి తన డబ్బుతో కొని తన కొఱకు చదువుకొనెను. నచ్చనిచో మూసివేసెను. ఇప్పటి కోచింగులో వెల చెల్లించువాడొకడు, మాఱవలసినవాడొకడు. నా యాక్షేపణ అంతయు ఈ యొక్క చోటనే యున్నది. సంఘపు నీతినియమావళిలో వెల చెల్లించు సంస్థకు 'స్పాన్సర్' అను పేరే కలదు. శిష్యుని రహస్యము కాపాడవలయునని ఆ నియమావళి చెప్పుచున్నది, అది మెచ్చదగినదే. కాని రహస్యము కాపాడుట వేఱు, రహస్యములో తేలిన సత్యమునకు దారి చూపుట వేఱు.

నా శిష్యుని సంగతి చెప్పినచో ఇది స్పష్టమగును. వాడు పనిచేయు సంస్థ పేరు ఇచ్చట అనవసరము. కాంట్రాక్టు పనివారి హాజరు పట్టీలపై సంతకము చేయుట వాని విధులలో నొకటి. పట్టీలో ఎనిమిది గంటలని యుండును, పని పండ్రెండు గంటలు జరుగును. పనివారు అడవి పల్లెలనుండి వచ్చువారు, వ్రాలు చేయుటయే కష్టమైనవారు కొందఱు. రెండేండ్లుగా వాడు సంతకము చేయుచున్నాడు. రెండేండ్లుగా వానికి నిద్ర సరిగా పట్టుటలేదు. పనిలో చురుకుతనము తగ్గినదని పైవారు గ్రహించి కోచ్‌ను కుదిర్చిరి. మూడవ సమావేశమున వాడు ధైర్యముచేసి హాజరు పట్టీల సంగతి చెప్పినాడట. ఆ శిక్షకుడు చెడ్డవాడు కాడు. ఓపికతో విని, 'ఇందులో మీ అధీనంలో ఉన్నదేమిటి?' అని యడిగెను. వాడు ఆలోచించి, 'నా మనసు ఒక్కటే' అనెను. 'అయితే అక్కడినుంచి మొదలుపెడదాం' అని శిక్షకుడు ఊపిరి లెక్కపెట్టుట నేర్పెను. నోటుపుస్తకములో ఆనాటి పుటలో నాలుగు లెక్కించుచు పీల్చుట, ఆఱు లెక్కించుచు విడుచుట యని వ్రాసియున్నది.

నేను వాని నడిగితిని: 'నాయనా, మనసొక్కటే నీ యధీనములో నున్నదంటివి. మఱి ఆ కలమెవరి చేతిలో నున్నది?'

వాడు మాటాడలేదు. మా యింటావిడ కాఫీ తెచ్చి యిచ్చినది. 'ఇప్పుడు నిద్ర పడుతోంది సార్' అని మాత్రము అనెను. ఆ మాటయే నన్ను మిక్కిలి కలతపెట్టినది. వాని నిద్ర పోగొట్టిన దేదియో అది వానిలోని మేలైన భాగము. దానినే జోకొట్టిరి.

వాడు భద్రాచలమునకు వచ్చినవాడు గనుక మా సంభాషణ రామదాసు మీదికి పోవుట సహజము. ఇటీవల ఒక సభలో ఒక వక్త కంచెర్ల గోపన్నను 'నాయకత్వమునకు' ఉదాహరణముగా చెప్పగా నేను విని యుంటిని. లక్ష్యము గొప్పదైనచో నిధులు తామే వచ్చునని ఆయన తేల్చిన సారాంశము. శ్రోతలు చప్పట్లు కొట్టిరి. పండ్రెండేండ్ల చెఱ సంగతి ఆయన చెప్పలేదు, లెక్కల సంగతి అసలే చెప్పలేదు.

ఈ ప్రాంతమువారికి గోపన్న మొదట భక్తుడు కాడు, ఉద్యోగి. నేలకొండపల్లివాడు, గోలకొండ ప్రభువు అబుల్ హసన్ తానీషా కొలువులో మంత్రులైన అక్కన్న మాదన్నలకు మేనల్లుడు, పాల్వంచ పరగణాకు తహశీలుదారు. నేటి మాటలో చెప్పవలసినచో మేనమామల పలుకుబడితో చిన్నవయసులోనే పెద్దపదవి నందిన ఎగ్జిక్యూటివ్. రాజునకు చేరవలసిన శిస్తును భద్రగిరి కోవెలకు వెచ్చించి, గోలకొండ చెఱసాలలో పండ్రెండేండ్లుండెనని సంప్రదాయము. 1672లో తానీషా గద్దెనెక్కుటయు, 1686లో అక్కన్న మాదన్నలు హతులగుటయు, 1687లో గోలకొండ ఔరంగజేబు వశమగుటయు చరిత్రలో నిలిచిన తేదీలు. వీనిమధ్య గోపన్న కథను ఇముడ్చుటకు చరిత్రకారులు శ్రమపడవలసి వచ్చును. కబీరు వచ్చి ఆయనకు మంత్రోపదేశము చేసెనను కథయు కాలమున కతుకదు, కబీరు రెండుశతాబ్దులు ముందరివాడు. ఆ చిక్కులను విడిచి, కీర్తనలను మాత్రము సాహిత్యముగా చదువుదము.

చదివినచో ముందుగా తోచు విశేషమేమనగా, ఈ భక్తునికి లెక్కలు మఱపునకు రాలేదు. భక్తుడైనను తహశీలుదారే! రామునికి చేయించిన నగలను, గోపురమును, మంటపములను ఒకటొకటిగా పేర్కొని, ఏ నగకు ఎంత పట్టినదో వెల చెప్పి, ఎవడబ్బ సొమ్మని కులుకుచున్నావని దేవునే నిలదీసిన కీర్తన మన యిండ్లలో ఆడపడుచులందఱికిని కంఠస్థము. సీతమ్మకు చేయించిన చింతాకుపతకము, భరతునికి పచ్చలపతకము, రామునికి కలికితురాయి నేటికిని ఆలయమున చూపుదురు. అదే కీర్తనలో దెబ్బలకు తాళలేక తిట్టితినని క్షమాపణయు కలదు. లోకమున భక్తికవిత్వము విస్తారముగా నున్నది. చెల్లుచీటివలె వ్రాసిన భక్తికవిత్వము మఱెచ్చట నున్నదో నేనెఱుగను. మా శిష్యుని నోటుపుస్తకములో ఇన్ని పుటలలో ఒక్క అంకె లేదు, ఊపిరి లెక్క తప్ప. ఒక్క పేరు లేదు. ఒక్క తిట్టు లేదు. కోపము వచ్చిన చోటనెల్ల 'గమనించితిని, విడిచితిని' అని యున్నది. రామదాసు గమనించెను గాని విడువలేదు.

అట్లని నేను రామదాసును ఆక్షేపణకు అతీతుడని చెప్పుటలేదు. సంస్కారము కోరు పాఠకులు ఇచ్చట నన్నొక ప్రశ్న యడుగుదురు, అడుగవలయును. ఆ శిస్తు ఎవరిది? పాల్వంచ పరగణా రైతు దున్ని పండించి కట్టినది. కొన్ని కథలలో రైతులు సమ్మతించియే యిచ్చిరని చెప్పుదురు. సమ్మతింపుమని అడిగినవాడు తహశీలుదారైనప్పుడు రైతు సమ్మతికి విలువ యెంత? కథ చివర రామలక్ష్మణులు బంట్లవేషమున వచ్చి ఆఱులక్షల మొహరీలు చెల్లించి రసీదు పుచ్చుకొందురు. ఎవరికి చెల్లించిరి? తానీషాకు. రసీదు ఎవరికి చేరినది? గోపన్నకు. రాజు తృప్తుడయ్యెను, భక్తుడు విముక్తుడయ్యెను. ఈ లెక్కలో రైతు పద్దు నాకెచ్చటను కనబడలేదు. దేవుడు సైతము ఖజానాకే చెల్లించెను గాని కళ్లమునకు చెల్లింపలేదు. ఇది కథ కట్టినవారి లోపమో, వారి కాలపు లోపమో చెప్పజాలను. 1964లో నాగయ్యగారు తీసిన చిత్రముగాని, 2006లో రాఘవేంద్రరావుగారు తీసిన చిత్రముగాని మన కన్నులు చెమర్చునట్లు చేసినవి. ఈ పద్దును పూరించుట వాని పని కాలేదు.

అయినను రామదాసు కీర్తనలలో ఒక గుణమున్నది. తప్పు జరిగినదో లేదో తేల్చుకొనుటకు కావలసిన సామగ్రి యంతయు ఆయనయే మనచేతికి ఇచ్చిపోయెను. సొమ్మెంత, దేనికి పెట్టితిని, ఎవరి మెప్పుకై, ఎవరిపై కోపముతో, అంతయు బయటనే యున్నది. మనము ఆయనను తప్పుపట్టగలుగుచున్నది ఆయన లెక్కతోనే. జైలులో మారిన మనుష్యుడు తన లెక్కలను మూయలేదు, పైగా రాగము కట్టి నలుగురికి వినిపించెను. అంతరంగపరివర్తన మనదగినది ఏదైన నున్నచో నేను దానిని ఇచ్చట వెదకుదును.

అధికారిలో మార్పు ఎట్లుండునో చూడగోరువారు మూడువందల యేండ్లు వెనుకకు పోనక్కఱలేదు. ఎస్. ఆర్. శంకరన్ గారు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమున సాంఘిక సంక్షేమ శాఖను నడపినప్పుడు వెట్టిచాకిరిలోనున్నవారి విముక్తికై చేసిన కృషి పల్లెలవారికి జ్ఞాపకమున్నది. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి అడవులలో నక్సలైట్లు కొందఱు ఐ.ఏ.ఎస్. అధికారులను నిర్బంధించినప్పుడు వారిలో ఆయనయు నుండెను. తరువాత 1997లో హింస తగ్గించుటకై పౌరుల కమిటీని కూర్చినదియు ఆయనయే. బ్రహ్మచారిగా జీవించి, తన సొమ్ములో చాలభాగము పేదపిల్లల చదువులకు వెచ్చించెను. 2010లో మరణించెను. ఆయన ధ్యానము చేసెనో లేదో ఎవరును అడుగరు. ఆయన సంతకము ఎచ్చట పెట్టెను, ఎచ్చట పెట్టలేదు అనియే అడుగుదురు. కందుకూరి వీరేశలింగముగారి విషయమునను ఇంతే. 1878లో రాజమహేంద్రవరమున ప్రార్థనసమాజమును, సంఘసంస్కారసమాజమును ఒకే సంవత్సరమున నెలకొల్పిన ఆ మహనీయునికి ప్రార్థన యొక గదిలోను సంస్కారము మఱొక గదిలోను ఉండునను నూహయే లేదు. 1881 డిసెంబరు 11వ తేదీని తొలి వితంతువివాహము జరిపించినప్పుడు వెలివేయబడినది ఆయన యొక్క అంతరంగము కాదు, ఆయన యిల్లు.

ఇంతదూరము వచ్చిన తరువాత కోచింగ్ వారియెడ నేను అన్యాయము చేయుచున్నానేమో యను శంక కలుగుచున్నది. వారి ప్రశ్నాపద్ధతి మంచిది. మేము, అనగా బడిపంతుళ్లము, ఇరువదేండ్లు చెప్పుటయేగాని అడుగుట నేర్వలేదు. విట్‌మోర్ గ్రంథము చదివిన వారమున నేను దానిని మా తరగతిలో ప్రయోగించి చూచితిని. మా బడి కిన్నెరసానికి అవతల అడవి యంచున నున్నది. తొమ్మిదవ తరగతిలో కోయబాలుడొకడు తెలుగులో ఎప్పుడును వెనుకబడువాడు. మందుడని నేను నిర్ణయించి యుంటిని. నాటి ఉత్సాహముతో వానిని దగ్గఱకు పిలిచి, 'నేను పాఠము చెప్పునప్పుడు నీకు సరిగా ఎచ్చట ఆగిపోవుచున్నది?' అని యడిగితిని. వాడు చాలసేపు నేలచూపులు చూచి చెప్పినదిది: 'మీరు చెప్పింది ముందు మా మాటలోకి తిప్పుకుంటాను సార్. అది అయ్యేలోపల మీరు తరువాతి వాక్యంలో ఉంటారు.'

కోయభాష తెలుగునకు చుట్టమే గాని తెలుగు కాదని నాకు తెలియనిది కాదు. పుస్తకములో చదివితిని. నా తరగతిలో నా యెదుట కూర్చున్నవాడు ప్రతిదినమును రెండు భాషలమధ్య ఏఱు దాటుచున్నాడని మాత్రము నాకు తోచలేదు. ఇన్నేండ్లలో ఇట్టి పిల్ల లెందఱు మందులని నా చేత వ్రాయబడిరో! ఈ యొక్క ప్రశ్న నేర్పినందుకు ఆ మోటారు పందెపు దొరకు నేను ఋణపడియున్నాను.

కాని జరిగినదేమో గమనింపుడు. ఆ సమాధానము వచ్చిన తరువాత మాఱవలసినవాడు ఆ బాలుడు కాడు, నేను. వాక్యమునకును వాక్యమునకును నడుమ ఆగుట నేను నేర్చుకొనవలసి వచ్చెను. వానిచేత కోయమాట తరగతిలో చెప్పించి నల్లబల్లపై తెలుగుమాట ప్రక్కన వ్రాయించుట మొదలుపెట్టితిని. మొదటి వారము పిల్లలు నవ్విరి, పిదప నవ్వలేదు. నేను వానికి 'నెమ్మదిగా ఊపిరి పీల్చుము, తొందరపడకుము' అని చెప్పియుండినచో వాడు శాంతముగా వెనుకబడియుండెడివాడు. నా శిష్యుని విషయమున అడుగబడిన ప్రశ్నయు మంచిదే, వచ్చిన సమాధానమును సత్యమే. ఆ సమాధానము ప్రశ్నకు వెల యిచ్చినవారి బల్లమీదికి పోవుటకు దారి లేకపోయెను. ఆ గదికి తలుపు ఒకవైపే యున్నది.

దీనికి చికిత్స యేమని నన్నడిగినచో కొంత చెప్పగలను. అధికారులకు ఏకాంతమున మాట వినువారు కావలయును. పై మెట్టున నున్నవాడు క్రింది మెట్టువానికంటె ఒంటరి యనుట అబద్ధము కాదు. ఆ వినువాడు కంపెనీవలన జీతము పుచ్చుకొనువాడు కాకుండుట మంచిది. అది వీలుకానిచో మొదటి దినముననే ఒక మాట తేల్చుకొనవలయును: ఈ గదిలో నా బాధకు కారణము నా మనసు కాదని తేలినచో అప్పుడేమి చేయుదుము? ఈ ప్రశ్నకు ముందుగా జవాబు చెప్పగల శిక్షకుడు దొఱకినచో ఆతడు గీత నుదాహరించినను, టెన్నిస్ నుదాహరించినను నాకభ్యంతరము లేదు. జవాబు చెప్పలేనివాడు తన విద్యకు 'అలసట తీర్చు విద్య' యని పేరు పెట్టుకొనవచ్చును. ఒళ్లుపట్టువానికి లోకమున గౌరవము తక్కువ కాదు. ఆత్మ, పరివర్తన అను పేర్లకు మాత్రము ఆతడు దూరముగా నుండవలయును.

నా శిష్యుడు ఆ రాత్రి మా యింటనే యుండెను. గోదావరిలో హంసవాహనముపై తెప్పోత్సవము చూచి, చలిలో వణకుచు తిరిగివచ్చి, చాలసేపు మేలుకొని యుండెను. ప్రక్కగదిలో వాడు ఊపిరి లెక్కించు చప్పుడు కొంతసేపు వినబడెను, తరువాత వినబడలేదు. తెల్లవారుజామున ఉత్తరద్వార దర్శనమునకు పోవుటకు ముందు నా పుస్తకముల అలమర వద్ద నిలుచుండి రామదాసు కీర్తనల సంపుటమును చేతిలోనికి తీసికొనెను.

'సార్, ఆ నగల లెక్క ఉన్న పాట ఏ పేజీలో ఉంది?' అని యడిగెను.